మూడేళ్ల పిల్లలకూ, వారిని పెంచే పెద్దలకూ గ్రంథాలయంలో చోటివ్వండి

హనుమకొండ, వరంగల్ జిల్లా గ్రంథాలయ సంస్థల చైర్మన్లకు, కార్యదర్శులకు, శాఖా గ్రంథాలయాల గ్రంథపాలకులకు నమస్కారములు.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో, ఎక్కువగా ఒకటో తరగతికి, చదువు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మీ పరిధిలోని ప్రతి గ్రంథాలయంలో వారానికి ఒక గంట, మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసం, వారిని పెంచే పెద్దలను కూడా పక్కన కూర్చోబెట్టుకొని, కథల వేళ నిర్వహించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. పెద్దలను పక్కన కూర్చోబెట్టుకోవడం ఈ విన్నపంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. పిల్లలను లోపలికి పిలిచి, తల్లులను, నాయనమ్మలను వరండాలో నిలబెట్టే కార్యక్రమమైతే దానివల్ల ఒనగూరేది చాలా తక్కువ. వారంలో ఒక గంట కథ విన్నంత మాత్రాన ఏ బిడ్డకూ చదువు అబ్బదు. ఆ గంటలో పుస్తకాన్ని పిల్లలతో ఎట్లా చదవాలో, ఎక్కడ ఆగాలో, ఏమడగాలో పెద్దలు చూసి నేర్చుకొని, మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో ఆ పని చేసినప్పుడే బిడ్డ చదువుకు పునాది పడుతుంది.

బడులు తెరిచే జూన్ నెలలో ఒకటో తరగతి పిల్లల చేతికి తలా ఒక బొమ్మల పుస్తకం ఇచ్చి చూస్తే, ఎవరి ఇంట్లో పుస్తకం మసలిందో, ఎవరి ఇంట్లో మసలలేదో పావుగంటలో తెలిసిపోతుంది. ఒక బిడ్డ అట్ట పైకి వచ్చేట్టు పట్టుకొని, మొదటి పేజీ తీసి, బొమ్మ మీద వేలు పెట్టి తనకు తోచిన కథ చెప్పడం మొదలుపెడుతుంది. అక్షరం ఒక్కటి రాకపోయినా ఆ బిడ్డ చదువుతున్నట్టే లెక్క. పక్కన కూర్చున్న పిల్లవాడు అదే పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకొని, నాలుగైదు పేజీలు ఒక్కసారే తిప్పి, మూసి, మళ్లీ తెరిచి, దీంతో ఏం చేయాలన్నట్టు టీచరు ముఖంలోకి చూస్తాడు. తెలివిలో ఈ ఇద్దరికీ తేడా ఏమీ లేదు. ఆ పిల్లవాడు ఇంటి దగ్గర మేకలను పేరు పెట్టి పిలిచి దొడ్లోకి తోలగల చురుకైనవాడే. పుస్తకం ముందు ఎవరైనా అతన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడమన్నది మాత్రం జరగలేదు. అక్షరాలతో పాఠం మొదలయ్యే తరగతి గదిలో ఆ లోటు మొదటి వారం నుంచే కనిపిస్తుంది, ఆ తర్వాత దాన్ని పూడ్చడానికి ఏళ్లు పడుతుంది.

ప్రాథమిక తరగతుల్లో వెనుకబడిన పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి మన రాష్ట్రంలో 2022 ఆగస్టు 15న తొలిమెట్టు కార్యక్రమం ప్రారంభమైంది. అది అవసరమైన పని. అయితే అది బడిలో చేరిన తర్వాతి పని. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా మొత్తాన్నీ ఒకే పునాది దశగా చూడాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ దశలోని మొదటి మూడేళ్లలో బిడ్డ గడిపేది అంగన్‌వాడీలోనూ, అంతకన్నా ఎక్కువగా ఇంట్లోనూ. ఇంట్లోని పెద్దలకు ఈ విషయంలో దారి చూపే ప్రభుత్వ సంస్థ ఏదైనా ఉండగలిగితే అది గ్రంథాలయమే, ఎందుకంటే వయసు, చదువు, ఫీజు, హాజరు అడగకుండా ఎవరినైనా లోపలికి రానిచ్చే చోటు మన ఊళ్లలో మరొకటి లేదు.

కథల వేళలో జరగవలసిన పని ఎంత చిన్నదో, ఎంత విలువైనదో చెప్పడానికి ఒక్క పేజీ చాలు. ఆ పేజీలో చెట్టు కింద ముందుకాళ్లు పైకెత్తి ఆకులు అందుకుంటున్న మేక బొమ్మ ఉన్నదనుకుందాం. కింద రాసి ఉన్న ఒక్క వాక్యాన్ని గడగడా చదివి పేజీ తిప్పేస్తే బిడ్డ వింటుంది, అంతే. అట్లా కాకుండా చదివే మనిషి ఆగి, "మేక ఏం చేస్తున్నది బిడ్డా?" అని అడిగి, జవాబు కోసం నిజంగా ఎదురుచూడాలి. బిడ్డ "ఆకు" అంటుంది. "అవును, వేపాకు తింటున్నది, పైకి ఎగిరి అందుకొని తింటున్నది" అని ఆ ఒక్క మాటను పెద్ద వాక్యంగా చేసి తిరిగి ఇవ్వాలి. "అందకపోతే ఏం చేస్తది?" అని మరొకటి అడగాలి. ఇప్పుడు బిడ్డ ఆలోచించాలి, మాట వెతుక్కోవాలి, పేజీ తిప్పితే ఏముందోనని ఆత్రపడాలి. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన పరిశోధనలో, ఇట్లా ప్రశ్నలడుగుతూ, బిడ్డ మాటను పెంచి చెబుతూ చదివే పద్ధతిని కొందరు తల్లిదండ్రులకు నేర్పి నాలుగు వారాలు ఇంట్లో చదివించారు. మామూలుగా చదివి వినిపించిన ఇళ్ల పిల్లలకన్నా ఆ పిల్లలు మాట్లాడటంలో ముందున్నట్టు తేలింది. పుస్తకాలు రెండు వైపులా ఉన్నాయి, చదివిన తీరే తేడా తెచ్చింది. ఆ తీరును ఎవరైనా ఒకరు చేసి చూపిస్తేనే తల్లులకు తెలుస్తుంది. కరపత్రం పంచితే తెలియదు.

అందుకే కథ చదివే గ్రంథపాలకురాలు పిల్లలతో మాట్లాడుతూనే నడుమ నడుమ పెద్దలతోనూ నేరుగా మాట్లాడాలి. "అమ్మా, ఇక్కడ నేను ఎందుకు ఆగిన్నో చూసిండ్రా? ఇంటి దగ్గర మీరు గూడ ఆగుండ్రి, పిల్ల చెప్పేదాక ఉండుండ్రి" అని ఇంటి భాషలో ఒక్క ముక్క చెబితే అది గుర్తుంటుంది. ఒక వారానికి ఒక్క సంగతి మాత్రమే చెప్పాలి. ఎక్కువ చెబితే అది ఉపన్యాసమైపోయి, వచ్చే వారం ఎవరూ రారు.

అమ్మకు చదువు రాకపోతే ఏం చేయాలన్న ప్రశ్న మీకు వస్తుందని నాకు తెలుసు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి 58 మందే. తల్లి పనికి పోతే బిడ్డను చూసుకునే నాయనమ్మల, అమ్మమ్మల తరంలో చదువు వచ్చినవారు ఇంకా తక్కువ. కానీ ఆ తరం దగ్గర ఉన్నది మన దగ్గర లేదు. బియ్యం చెరుగుతూ, బీడీలు చుడుతూ గంటసేపు శాత్రం చెప్పగల మనిషి ప్రతి వాడకట్టులో ఇప్పటికీ ఒకరైనా ఉన్నారు. కథ చెప్పేవారికి వినేవారు ఊ కొట్టడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, బిడ్డ శ్రద్ధగా వింటున్నదో లేదో తెలుసుకొనే మంచి పద్ధతి. ఆ ఊ దగ్గర ఆపి "ఆ తర్వాత ఏమైంది చెప్పు" అని బిడ్డ చేతనే కథను ముందుకు నడిపించడమొక్కటే ఆ నాయనమ్మ కొత్తగా నేర్చుకోవలసింది. అక్షరాలే లేని బొమ్మల కథల పుస్తకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. చదువు రాని నాయనమ్మ చేతికి అటువంటి పుస్తకం ఇస్తే ఆమె మనవరాలి ముందు తక్కువ కాదు, కథ తనదే అవుతుంది. మనవరాలికి మాత్రం పుస్తకం ఏ వైపు నుంచి తెరవాలో, ఒక పేజీ తర్వాత ఇంకో పేజీ ఎట్లా వస్తుందో, బొమ్మల వరుసలో కథ ఎట్లా దాగి ఉంటుందో తెలిసిపోతుంది. ఈ తెలివిడి లేకుండా అఆలు దిద్దించడం వల్ల బిడ్డకు చెయ్యి నొప్పి తప్ప మరేమీ మిగలదని నేను గట్టిగా నమ్ముతాను.

తెలుగు లిపి సంగతి కూడా ఇక్కడ ఆలోచించాలి. ప్రతి హల్లుకూ గుణింతం, దాని కింద ఒత్తులు కలిసి పిల్లలు గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లోకి పోతాయి. అవి పూర్తిగా పట్టుబడటానికి బడిలో కొన్నేళ్లు పడుతుంది. ఇన్ని రూపాలను నేర్చుకోబోయే చెవికి ముందుగా మాటలోని ధ్వనులు విడివిడిగా వినిపించాలి. బతుకమ్మ అన్న మాటకు నాలుగు చప్పట్లు, పువ్వు అన్న మాటకు రెండు చప్పట్లు కొట్టించడం, బిడ్డ పేరు ఏ ధ్వనితో మొదలవుతుందో అదే ధ్వనితో మొదలయ్యే వస్తువులను గదిలో వెతికించడం, చివర ఒకే తీరుగా పలికే మాటలను కలిపి పాడించడం ఆటల్లాగే ఉంటాయి గాని, రేపు గుణింతం చదవబోయే బిడ్డకు ఇవే తొలి పాఠాలు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర తల్లుల కొంగు పట్టుకొని వలయంలో తిరిగే నాలుగేళ్ల పిల్లలు, పాటలోని ఒక్క చరణం రాకపోయినా, ప్రతి పాదం చివర "ఉయ్యాలో" దగ్గర సరిగ్గా చప్పట్లు కలుపుతారు. పాదం ఎక్కడ ముగుస్తుందో వారి చెవికి తెలుసు. ఈ శక్తిని చదువు వైపు మళ్లించాలని తల్లులకు చెప్పేవారు కావాలి. పండుగకు ముందు వారాల్లో కథల వేళను బతుకమ్మ పాటలతో నింపితే పిలవకుండానే ఆడవాళ్లు వస్తారు.

మాటల సంపద గురించి నేను ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పేద ఇళ్ల పిల్లలకు మాటలు తక్కువని చదువుకున్నవారు తేలిగ్గా అనేస్తుంటారు. వరంగల్ కొత్తవాడలో తివాచీలు నేసే ఇంట్లో పుట్టిన నాలుగేళ్ల బిడ్డకు మగ్గం, పడుగు, పేక, నాడె, కండె తెలుసు. ఆ మాటలు నాకు పెద్దయ్యాక తెలిశాయి. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసే తండ్రి కొడుక్కు మిర్చి ఘాటు, పత్తి తేమ, కాంటా గురించి చెప్పడానికి బోలెడున్నాయి. ఆ ఇళ్లలో కరువైనది బిడ్డతో తీరిగ్గా మాట్లాడే సమయం, అదీ బతుకుదెరువు వల్ల. పని చేస్తూనే మాట్లాడవచ్చునని, చేస్తున్న పనినే బిడ్డకు కథలా చెప్పవచ్చునని, బిడ్డ అడిగే "ఎందుకు"కు విసుక్కోకుండా జవాబు చెప్పడమే చదువు చెప్పడమని ఎవరైనా గౌరవంగా చెబితే ఆ తల్లిదండ్రులు తప్పక వింటారు. అన్నం తినిపించడానికి చేతికి ఫోను ఇచ్చే అలవాటు ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ ఉన్నది. ఫోను ఎంతసేపైనా మాట్లాడుతుంది, పాడుతుంది, కానీ బిడ్డ జవాబు కోసం ఆగదు. ఆ ఆగడంలోనే బిడ్డకు మాట వస్తుందని తల్లులకు అర్థమైతే ఫోను దానంతటదే కొంత పక్కకు పోతుంది. ఫోను ఇవ్వవద్దని తిట్టి పంపితే పోదు.

ఈ జిల్లాల్లో అందరి ఇంటి భాషా తెలుగు కాదు. తండాల్లో లంబాడీ, ములుగు వైపు గూడేల్లో కోయ, నగరంలో ఎన్నో ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు. ఆ తల్లులు కథల వేళకు వస్తే తెలుగులోనే చెప్పమని వారిని ఇబ్బంది పెట్టకూడదు. బొమ్మ చూసి తమ భాషలో బిడ్డకు చెప్పుకోనివ్వాలి, వీలైతే ఆ కథను అందరికీ వినిపించమని కోరాలి. ఒక భాషలో కథను పట్టుకోవడం వచ్చిన బిడ్డకు రెండో భాషలో అది మళ్లీ మొదటి నుంచి నేర్పనక్కరలేదు. ఉర్దూ పుస్తకం కుడి వైపు నుంచి తెరుచుకుంటుంది, తెలుగు పుస్తకం ఎడమ వైపు నుంచి. రెండూ ఒకే చాప మీద పెట్టి చూపిస్తే ఆ తేడా చూసి పిల్లలందరూ ఆనందిస్తారు.

ఇది ఎక్కడా చేయని పని కాదు. బ్రిటన్‌లో 1992లో బర్మింగ్‌హామ్ నగరంలో బుక్‌స్టార్ట్ అనే పథకాన్ని పసిబిడ్డలున్న 300 కుటుంబాలకు పుస్తకాలు ఇచ్చి ప్రారంభించారు, తర్వాత అది దేశమంతటా విస్తరించింది. అమెరికాలో ప్రజా గ్రంథాలయాల సంఘం, పిల్లల గ్రంథాలయ సేవల సంఘం కలిసి 2004లో "ఎవ్రీ చైల్డ్ రెడీ టు రీడ్" అనే కార్యక్రమాన్ని తీసుకొచ్చాయి. పిల్లలకు కథ చెప్పి పంపడం గ్రంథాలయాలకు అంతకుముందు నుంచీ ఉన్నదే. ఈ కార్యక్రమం మాత్రం తల్లిదండ్రులకు, పెంచేవారికి నేర్పడం మీద దృష్టి పెట్టింది. మొదట అక్షర జ్ఞానం, ధ్వని జ్ఞానం వంటి ఆరు నైపుణ్యాల చుట్టూ దాన్ని అల్లారు. 2011లో కూర్పు మార్చినప్పుడు మాట్లాడటం, పాడటం, చదవటం, రాయటం, ఆడటం అనే ఐదు పనులుగా, ఏ ఇంట్లోనైనా ఎవరైనా చేయగలిగేట్టు చెప్పారు. ఆ మార్పు మనకు చాలా పనికివస్తుంది, ఎందుకంటే ఆ ఐదింటిలో చదవటం, రాయటం తప్ప మిగిలినవి మన వాడకట్టుల్లో రోజూ జరిగేవే.

మన నేల మీద గ్రంథాలయమన్నది ప్రజలు కట్టుకున్నది. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో, నిజాం పాలనలో తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, పెద్దలు పూనుకొని స్థాపించినది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఈనాటికీ ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనమందరం కడుతూనే ఉన్నాము. కొత్తవాడ నేత కార్మికుడూ కడుతున్నాడు, ఆయన మనవడికి మాత్రం మీ భవనాల్లో చోటు లేదు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే వారోత్సవాల్లోనూ, వేసవి శిబిరాల్లోనూ సాధారణంగా బడి పిల్లలకే వ్యాసరచన, చిత్రలేఖనం, క్విజ్ పోటీలు పెడతారు. మూడేళ్ల బిడ్డ ఏ పోటీకీ పనికిరాదు గనుక ఆ వారంలోనూ పిలుపు అందదు. 2022లో వరంగల్ యునెస్కో వారి అభ్యసన నగరాల సమాఖ్యలో చేరింది. పుట్టుక నుంచి ముసలితనం దాకా అందరికీ నేర్చుకొనే వీలు కల్పించడమే ఆ సమాఖ్య ఉద్దేశం కాబట్టి ఈ వయసును వదిలిపెట్టడం తగదు.

మీ ముందున్న నిజమైన చిక్కు నిశ్శబ్దం. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాల పరీక్షలకు తయారయ్యే యువత పొద్దున్నే టిఫిన్ డబ్బాతో వచ్చి, దీపాలు ఆర్పే వేళ దాకా మీ పఠన మందిరాల్లో చదువుకుంటున్నారు. చాలామందికి ఇంట్లో కూర్చొని చదువుకునే వసతి లేదు. వారి చదువుకు భంగం కలగనివ్వమని నేను అడగను, అడగకూడదు కూడా. కానీ వారానికి ఒక్క గంట కోసం వేరే గది, సమావేశ మందిరం, నీడ ఉన్న వరండా, అదీ లేకపోతే పక్కనున్న ప్రభుత్వ పాఠశాలలో ఒక గది చూడటం అసాధ్యం కాదు. ఆదివారం ఏ గంట కుదురుతుందో ముందే నిర్ణయించి నోటీసు బోర్డు మీద రాసి పెడితే చదువుకునేవారు ఆ గంటకు తగ్గట్టు సర్దుకుంటారు. వారిలో కొందరు డీఎస్సీ అభ్యర్థులు. రేపు ఒకటో తరగతికి పాఠం చెప్పబోయే వారే. ఆ గంట చాప మీద కూర్చొని పిల్లలతో గడపడానికి ఇష్టపడేవారు వారిలో తప్పక ఉంటారు.

పుస్తకాలు చిరుగుతాయన్న భయం ఇంకొకటి. చిరుగుతాయి. మూడేళ్ల పిల్లల పుస్తకాలు చిరగకుండా బీరువాలో ఉన్నాయంటే వాటిని ఎవరూ చదవలేదని అర్థం. వాటిని అరిగిపోయే వస్తువుల లెక్కలో రాసుకొని, చిరిగినందుకు జరిమానా వేయకుండా, డిపాజిట్ అడగకుండా పెద్దవారి పేరు మీద ఇంటికి ఇవ్వండి. బడికి పోని పిల్లలకు సభ్యత్వ కార్డు బిడ్డ పేరు మీదే ఇస్తే మరీ మంచిది. బిడ్డ తన పేరును అచ్చులో చూసుకొనే మొదటి కాగితం అది కావచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి సంస్థలు తక్కువ ధరకు తెలుగు బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలను ఉచితంగా దించుకొని అచ్చు వేసుకోవచ్చు. ఈ వయసు పుస్తకాలను నిలువెత్తు బీరువాల్లో పెట్టకుండా, నేల మీద కూర్చున్న బిడ్డ చేతికి అందేట్టు, అట్టలు ఎదురుగా కనిపించేట్టు పెట్టాలి.

కథల వేళను దయచేసి ట్యూషన్‌గా మారనివ్వకండి. పలకలు పట్టించి అఆలు దిద్దించడం, ఏబీసీడీలు అప్పజెప్పించడం మొదలైతే ఎల్‌కేజీ, యూకేజీలకు మరొకటి తోడవుతుంది, అంతే. మూడేళ్లకే పిల్లలను ఇంగ్లిష్ బడికి పంపే తల్లిదండ్రుల ఆరాటం నాకు అర్థమవుతుంది, వారిని తప్పుపట్టను. ఇంటి భాషలో కథలు బాగా విన్న బిడ్డ ఇంగ్లిష్‌లో వెనుకబడదనీ, కథను అర్థం చేసుకొని చెప్పగలగడం ఏ భాష చదువుకైనా అవసరమేననీ వారికి ఓపికగా చెప్పాలి. గీతలు గీయడానికి కాగితం, రంగు పెన్సిళ్లు ఇవ్వండి. బిడ్డ గీసినదాన్ని "ఇదేందో చెప్పు" అని అడిగి, చెప్పిన మాటను దాని కిందే రాసి చూపించండి. తన మాటే అక్షరమవుతుందని ఆ బిడ్డకు తెలియడానికి అంతకన్నా మంచి దారి లేదు.

సిబ్బంది తక్కువన్న సంగతి నాకు తెలుసు. ఈ పనికి కొత్త పోస్టులు వచ్చేదాకా ఆగనక్కరలేదు. నా వంటి విశ్రాంత ఉపాధ్యాయులు, డైట్‌లో శిక్షణ పొందుతున్న ఛాత్రోపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్లు తోడుంటారు. అంగన్‌వాడీల్లో తల్లులను పిలిచి జరిపే ఈసీసీఈ (పసిపిల్లల సంరక్షణ, విద్య) దినం నాడు గ్రంథపాలకులు పది పుస్తకాలు సంచిలో వేసుకొని వెళ్లి ఒక కథ చదివి, ఆ పుస్తకాలను అక్కడే ఇచ్చి వస్తే, గ్రంథాలయం దాకా రాలేని కూలి తల్లులకూ ఈ సేవ అందుతుంది. ఈ పనిని ఫొటోలతో, ప్రారంభోత్సవాలతో కొలవవద్దని కూడా నా మనవి. నెలలో ఎన్ని బొమ్మల పుస్తకాలు ఇళ్లకు పోయి తిరిగి వచ్చాయో, ఒకసారి వచ్చిన పెద్దలు ఎందరు మళ్లీ వచ్చారో రాసుకుంటే చాలు.

మొదటగా రెండు జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో, కొత్తవాడకు దగ్గరలోని ఒక శాఖలో, ఒక మండల కేంద్రంలో, ఒక తండాలో ఆరు నెలల పాటు నడిపి చూడమని కోరుతున్నాను. వచ్చే సంవత్సరపు పుస్తకాల కొనుగోలులో ఆరేళ్ల లోపు పిల్లల కోసం కొంత భాగాన్ని విడిగా కేటాయించండి. ఈ విన్నపం మీద మీ నిర్ణయాన్ని నోటీసు బోర్డు మీద పెడితే మాకు తెలుస్తుంది. అనుమతి ఇచ్చిన వారం నుంచే ఆదివారాలు వచ్చి కథ చదవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. చాపలు, మొదటి విడతకు కావలసిన పుస్తకాల జాబితా కూడా సిద్ధం చేసి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
హనుమకొండ